ఎండ కన్నెరగని చెల్లెలు

పద్నాలుగో భాగం

పోయిన వారం మనం కాంచనను తిరుత్తణి కొండ మీద, తలనీలాలు తీసే కొట్టం గడపలో, చేతిలో గొడుగుతో నిలబెట్టి వచ్చేశాం. పాపం, వారం రోజులుగా అక్కడే నిలబడి ఉంది. లోపల పీట మీద చెల్లెలు అలమేలు తల వంచుకుని కూర్చుంది. మంగలి గోవిందస్వామి కత్తి నూరుకుంటున్నాడు. తల్లి మునెమ్మ చేతులు జోడించి, "మురుగా, ఇరవై రెండేండ్ల మొక్కు ఈ పొద్దు తీరస్తా ఉండాను" అంటూ కళ్ళు మూసుకుంది. కాంచన మాత్రం కళ్ళు మూయలేదు. ఆ జుట్టు కింద ఏముందో లోకంలో తనకొక్కదానికే తెలుసని ఆమె నమ్మకం.

కథ మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం నాలుగు మాటలు చెప్పి ముందుకు పోదాం.

అలమేలు ఒంట్లో రంగు లేకుండా పుట్టిన పిల్ల. జుట్టు మొక్కజొన్న పీచు రంగు, కనురెప్పల వెంట్రుకలు కూడా తెలుపే. ఎండలో గడియసేపు నిలబడితే ఒళ్ళు కమిలి బొబ్బలెక్కుతుంది. కళ్ళు నిలకడగా ఉండవు, అటూ ఇటూ ఊగుతూ ఉంటాయి. వెలుతురు పడితే మూసుకుపోతాయి. నల్లద్దాల కళ్ళజోడు లేనిదే గడప దాటలేదు, అక్షరాలను ముక్కు దాకా తెచ్చుకోనిదే చదవలేదు. వీధిలో కొందరు 'దొరసాని' అంటారు, కొందరు బొల్లి అంటారు. ఇది బొల్లీ కాదు, అంటుకునేదీ కాదు, పుట్టుక అంతే అని తిరువళ్ళూరు డాక్టరమ్మ ఎన్నిసార్లు చెప్పినా వీధికి చెవులు తక్కువ.

ఇక మన కాంచన. పేరులో బంగారం, ఒంట్లో నేరేడుపండు నలుపు. చెల్లెలికన్నా మూడేళ్ళు పెద్ద. ఎనిమిదో ఏట తల్లి ఆమె చేతిలో ఒక గొడుగు పెట్టి, "చెల్లిని బడికి తీసకపో" అంది. గొడుగు ఒక్కరికే సరిపోయేది. కాబట్టి పట్టినది ఎండలో, పట్టించుకున్నది నీడలో. ఐదో తరగతితో కాంచన చదువు మానిపించి, కొండ కింద తమ టెంకాయల అంగడిలో కూర్చోబెట్టారు. అంగడి మొహం పడమరకు, మధ్యాహ్నం నుంచి ఎండంతా ఆమె మీదే. అలమేలు ఎస్సెల్సీ పాసయింది. నెయ్యి అలమేలుకు, వెన్న అలమేలుకు, "అయ్యో కమిలిపోతుందే" అన్న మాట అలమేలుకు. కాంచన కమిలినా కనబడదు కదా, అందుకని ఎవరూ చూడలేదు.

ఇవన్నీ ఆమె ఓర్చుకుంది. ఓర్చుకోలేనిది ఒకటే. మునెమ్మ అన్న కొడుకు కోదండరామ, తిరువాలంగాడు మనిషి, తిరువళ్ళూరులో ఇనుము చెక్కే లేతు షాపులో పని. కాంచన పెద్దమనిషి అయిన నాటి నుంచి "నీ మొగుడు వస్తా ఉండాడే" అని అందరూ ఆటపట్టించింది అతని పేరు పెట్టే. అతను ఆదివారమాదివారం వచ్చేవాడు. అంగడి వెనక నీడలో కూర్చుని, అలమేలుకు చిన్న అక్షరాలు ఆనవు కాబట్టి, తమిళ వారపత్రికలో సీరియల్ చదివి వినిపించేవాడు. ముందర ఎండలో టెంకాయలు అమ్ముతున్న కాంచనకు వాళ్ళ నవ్వులు మాత్రం వినిపించేవి. సీరియళ్ళు చదివితే కొంపలు మునుగుతాయని పెద్దలు అంటే మనం వినం గానీ, సంక్రాంతితో మొదలయ్యే తై నెలలో ఆ అబ్బాయి వచ్చి, "అత్తా, అలమేలును ఇస్తావా?" అన్నాడు.

అప్పటికే కాంచన మనసులో ఒక రహస్యం ఉంది. అంతకు రెండు నెలల ముందు, దీపావళి అయిన వారానికి, చెల్లెలి కళ్ళలో మందు వేయించడానికి తిరువళ్ళూరు ఆసుపత్రికి తీసుకుపోయింది. వచ్చేటప్పుడు డాక్టరమ్మ వాకిలి దాకా వచ్చి, తమిళంలో, మెల్లగా ఆమెకొక మాట చెప్పింది. "ఇలాంటి వాళ్ళకు ఎండ తగిలిన చోట, చెవుల మీద, పెదవి మీద, మెడ మీద, పుండు పడుతుంది. నెలకు ఆరని పుండు ఏది కనిపించినా ఒక్కరోజు కూడా ఆగకుండా నా దగ్గరికి తీసుకురా. ఆరాద పుణ్ణు, గుర్తుంచుకో." కార్తీకంలో చెల్లెలికి తల దువ్వుతూ ఉంటే ఎడమ చెవి వెనక, కళ్ళజోడు కాడ ఆనే చోట, పెసరగింజంత పొక్కు కనబడింది. నెలయ్యాక రేపు చెబుదాంలే అనుకుంది. ఆ రేపు రాకముందే తై నెల వచ్చింది. ఆ తర్వాత కాంచన 'చెప్పను' అని ఎన్నడూ అనుకోలేదు. రోజూ పొద్దున జడను ఎడమ వైపు కాస్త వదులుగా దువ్వి, చెవి మీదుగా తెచ్చి అల్లింది. అంతే.

పరిశం, అదే నిశ్చితార్థం, అయింది. పెళ్ళి ఆగస్టులో వచ్చే ఆవణి నెలలో. ఒక్క అడ్డం మిగిలింది. చిన్నప్పుడు తల గొరిగితే ఎండకు మాడు కాలిపోతుందని భయపడి మునెమ్మ ఆ పిల్లకు పుట్టు వెంట్రుకలు తీయించలేదు. పుట్టు వెంట్రుకలతో అత్తగారింటి గడప తొక్కకూడదు కదా. ఆవణికి కాస్త పెరుగుతుంది, సవరం పెట్టుకోవచ్చు అన్నారు. ఆ రంగు సవరం తిరుత్తణిలో ఏ అంగడిలో దొరుకుతుందో చెప్పినవాళ్ళు లేరు. కాంచన వద్దు వద్దని నెత్తీ నోరూ కొట్టుకుంది. చెల్లి పెళ్ళంటే ఓర్వలేక అడ్డం పడుతోందని బంధువులన్నారు. నిజం అంత దగ్గరికి వచ్చి కూడా దారి తప్పింది.

అదీ సంగతి. ఇప్పుడు కొట్టంలోకి రండి.

గోవిందస్వామి చెంబుడు నీళ్ళు అలమేలు నెత్తిన పోసి, తల తడిపి, నడినెత్తిన కత్తి పెట్టాడు. కుడివైపు ముందు తీశాడు. పీచు రంగు జుట్టు తడిసిన ముద్దలుగా పీట చుట్టూ పడింది. బయటపడిన మాడు అప్పుడే ఒలిచిన వెల్లుల్లి పాయలా ఉంది. పుట్టినప్పటి నుంచి దానికి ఎండ తగల్లేదు.

"ఎంత ముద్దుగా ఉండాదో సూడే," అంది మునెమ్మ కాంచనతో. "గుండు కొట్టినా నా బిడ్డకు అందమే."

ఆ నిమిషంలో కూడా, ఆ భయంలో కూడా, కాంచన కడుపులో ఒక మంట లేచింది. నా పెళ్ళి మాటన్నా ఎత్తవేమే అని అరవాలనిపించింది. గొరిగిన తలకూ ముద్దేనా!

కత్తి ఎడమవైపు వచ్చింది. చెవి దగ్గర ఆగింది. తడి మీద సన్నగా ఎర్రటి చార ఒకటి కిందికి దిగింది.

గోవిందస్వామి ఉలిక్కిపడి కత్తి కిందపెట్టాడు. "తగిలిందా పాపా?"

"లేదు అన్నా. నొప్పి లేదు," అంది అలమేలు.

అతను బొటనవేలితో చెవిని మడిచి చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత మెల్లిగా, "ఇది నా కత్తి జేసింది గాదు మునెమ్మక్కా," అన్నాడు.

మునెమ్మ వంగి చూసింది. ఇప్పుడది పెసరగింజ కాదు. పావలా బిళ్ళంత ఉంది. అంచులు లేచి గట్టిపడి, నడిమధ్య గుంటపడి చెమ్మగా ఉంది.

"కళ్ళజోడు రాసుకొని ఉంటాదిలే," అంది మునెమ్మ, తనకు తాను చెప్పుకుంటున్నట్టు. "ఆ కాడ బరువు. గుడ్డ సుట్టుకోవే అంటే ఇనదు."

"ముప్పైయేండ్లుగా తలకాయలు సూస్తా ఉండాను అక్కా. కళ్ళజోడు పుండు, తలపాగా పుండు, మూటలు మోసేవోళ్ళ సుమ్మాడు పుండు అన్నీ సూసినాను. అవి రెండు దినాలు కళ్ళజోడు తీసేస్తే ఆరిపోతాయి. ఇది ఆరే రకం గాదు. నెలల పుండు." గోవిందస్వామి తలెత్తాడు. "పాపకు జడేసేది ఎవురు?"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు కాంచన చేతిలో గొడుగు టపామని విచ్చుకుంది. మునెమ్మ తల తిప్పి పెద్దకూతురి వైపు చూసింది. తెల్లవారుజామున అంగడి తెరిచే మనిషి, ఇంట్లో ఎవరి తల ఎవరు దువ్వుతారో ఆమె ఏనాడూ చూడలేదు.

"నేనే ఏసుకొంటా ఉండాను," అంది అలమేలు తల వంచుకునే. "దీపావళి నించి నేనే. అక్కకేం తెలీదు."

గోవిందస్వామి ఎడమ పక్క ఇంకా వేలాడుతున్న జడను చూశాడు. నాలుగు పాయల అల్లిక, ఎడమ నుంచి కుడికి ఏటవాలుగా, ఒక్క వెంట్రుక పక్కకు పోకుండా. ఎవరి తల వెనక వాళ్ళు అలా అల్లుకోవడం సాధ్యం కాదని జుట్టుతో బతికేవాడికి తెలియదా? అతను కాంచనను ఒక్కసారి చూసి, మిగతా తల తడపడానికి నీళ్ళ చెంబు తీసుకున్నాడు.

కాంచన బతికిపోయింది. బతికించింది ఎవరు? ఆ తెల్లది. ఇంటికి దిగే మెట్ల మీద, చెల్లెలి గుండు మీద గొడుగు పట్టుకుని, తను ఎండలో నడుస్తూ, కాంచన పళ్ళు కొరుక్కుంది. అన్నీ దానికే. నీడ దానికే, బావ దానికే, ఇప్పుడు దయ చూపించే పెద్దరికం కూడా దానికే.

* * *

మర్నాడు పొద్దున్నే ముగ్గురూ తిరువళ్ళూరు బస్సెక్కారు. పొద్దుటి బస్సులో కుడిపక్క సీట్లలో ఎండ పడదు. కాంచన ఆలోచించకుండానే చెల్లెలిని కుడి కిటికీ దగ్గర కూర్చోబెట్టి, తను పక్కన కూర్చుంది. పదిహేడేళ్ళ అలవాటు. మనసులో ఎంత విషమున్నా చేతులు వాటి పని అవి చేసుకుపోతాయి.

ఆసుపత్రిలో మునెమ్మ చీటీ రాయించడానికి వరుసలో నిలబడింది. అక్కాచెల్లెళ్ళు వరండాలో బెంచీ మీద కూర్చున్నారు. అలమేలు తలకు తడి తువ్వాలు చుట్టుకుంది. పుండు ఒత్తుకుంటోందని కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది. చుట్టూ వెలుతురుకు కళ్ళు చికిలించుకుని, తల ఒక పక్కకు వాల్చి కూర్చుంది. అలా వాలిస్తే ఊగే కళ్ళు కాస్త నిదానిస్తాయి.

"ఎందుకే అబద్ధం చెప్పినావు నిన్న?" అంది కాంచన. అడగకూడదనుకుంది, నోరు ఆగలేదు. "నేనేమన్నా అడిగినానా, నన్ను కాపాడమని?"

అలమేలు ఒళ్ళోని కళ్ళజోడును చేతిలోకి తీసుకుంది. "ఆ పొద్దు డాక్టరమ్మ వాకిట్లో నీకు చెప్పింది నేనూ విన్నాను అక్కా," అంది.

కాంచన చటుక్కున ఆమె వైపు తిరిగింది.

"కండ్లు ఊగతాయి గానీ చెవులు బాగానే ఉండాయి నాకు. ఆరాద పుణ్ణు. అంతా విన్నాను."

"విని... మరి నువ్వెందుకు చెప్పలేదే? అమ్మకు చెప్పొచ్చు గదా! నా తలకాయ కాదు గదా అది, నీ తలకాయ!"

"నువ్వు చెప్తావని సూసినాను. నెల రోజులు సూసినాను. నీ యేలు ఆ పొక్కు కాడికి వచ్చి ఆగేది. ఈ పొద్దు చెప్తాదిలే అనుకొనేదాన్ని. ఆగి, మళ్ళా దువ్వేదానివి." అలమేలు కళ్ళజోడు కాడను తెరుస్తూ మూస్తూ ఉంది. "తర్వాత బావ అడిగినాడు. ఇంక నేనూ చెప్పకూడదనుకొన్నాను. పుండు మాట బయటికొస్తే పెండ్లి నిలిచిపోతాది. నిలిచిపోతే బావ నీకొస్తాడు. నీకు రాకూడదనుకొన్నాను."

కాంచన తన చెవులను తానే నమ్మలేదు. ఈ మెత్తటి గొంతు, ఈ దొరసాని, ఇలాంటి మాట అంటుందా?

"నామీద నీకు ఏడుపని నాకు తెలుసు," అంది అలమేలు. "నీ మీద నాకెంత ఏడుపో నీకు తెలుసునా? నువ్వు మిట్టమద్దేనం చెప్పుల్లేకుండా కొండెక్కి దిగతావు. నూరడుగుల దూరంలో వచ్చేది ఎవురో గుర్తుపట్టి నవ్వుతావు. నేను గుర్తుపట్టి నవ్వేటప్పటికి వాళ్ళు నన్ను దాటుకొని పోయుంటారు. పొగరని అంటారు. బస్సు మీద బోర్డు నువ్వు సదవను గూడా సదవవు, అయినా ఏ బస్సో నీకు తెలుసు. నాకు సదువొచ్చు, బోర్డు కనబడదు. ఒక్కతే ఎక్కడికన్నా పోయినానా నేను, ఈ ఇరవై రెండేండ్లలో? ఎండలో తిరిగే నిన్ను సూసి కడుపు మండి, నీదొక్కటన్నా లాక్కోవాలనిపించింది. బావను లాక్కొన్నాను."

అసూయ అనేది తన సొంత ఆస్తి అనుకుంది కాంచన ఇన్నాళ్ళూ. తను ఎండలో కూర్చుని, ఒంటరిగా, ఎవరికీ తెలియకుండా పెంచుకున్నది. తీరా చూస్తే నీడలో కూర్చున్నది అంతకంటే ఏపుగా పెంచింది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నిజం చెప్పాలంటే, ఇందులో కూడా ఇది పంచుకుందా అని ఒక క్షణం రోషం వచ్చింది. ఆ వెనకే భయం వచ్చింది. ఒక మొగవాడి కోసం ఇద్దరాడవాళ్ళు, ఒకే చెవి వెనక, ఆరు నెలలు ఒక పుండును పెంచారు.

"చచ్చిపోతే?" అంది కాంచన.

"అప్పుడు బావ నీకే గదా," అంది అలమేలు.

* * *

డాక్టరమ్మ తువ్వాలు విప్పించి, భూతద్దం పెట్టి, చెవి మడిచి చూసింది. తర్వాత చెవి కింద మెడ మీద రెండు వేళ్ళతో నొక్కుతూ పోయింది. ఒకచోట వేళ్ళు ఆగాయి. మళ్ళీ అక్కడే నొక్కింది. ఆమె మొహంలో చిరాకు పోయి ఇంకేదో వచ్చింది.

"ఎన్నాళ్ళుగా ఉంది?" తమిళంలో అడిగింది.

"నిన్ననే సూసినామమ్మా," అంది మునెమ్మ. "కళ్ళజోడు రాసుకొని..."

"కళ్ళజోడు కాదు. ఇది నెలల నుంచి ఉంది." డాక్టరమ్మ మేజా మీద అరచేత్తో కొట్టింది. "దీపావళికి వచ్చారు కదా మీరు? ఈ వాకిట్లోనే నిలబడి చెప్పాను. ఆరాద పుణ్ణు కనిపిస్తే ఒక్కరోజు ఆగొద్దని చెప్పాను. ఆ రోజు గొడుగు పట్టుకుని వచ్చిన అమ్మాయితో చెప్పాను. గొడుగే గుర్తు, మొహం గుర్తులేదు. ఎవరు ఆ అమ్మాయి?"

గొడుగు అప్పుడు ఇద్దరి మధ్య గోడకు ఆనించి ఉంది. కర్ర పిడికి పసుపుతాడు చుట్టిన పాత నల్ల గొడుగు. అలమేలు చటుక్కున చెయ్యి చాచి, తడిమి, దాన్ని ఒళ్ళోకి లాక్కుంది.

"నాతోనే చెప్పినారు డాక్టరమ్మా," అంది. "గొడుగు నాదే. నేనే మరిచిపోయినాను."

ఇంతవరకు కాంచన గుండె పిరికిదే. మళ్ళీ బతికిపోయాననుకుంటే ఎవరూ కాదనేవాళ్ళు లేరు. కానీ ఆ గొడుగు మీద పడిన తెల్లటి చెయ్యి చూసేసరికి ఆమెకు ఒళ్ళు మండింది. గొడుగు నాదే అంటుందా? ఏ రోజన్నా పట్టిందా అది? పదిహేడేళ్ళు ఎండలో నడిచి పట్టినది నేను. నీడ తీసుకుంది, బావను తీసుకుంది, ఇప్పుడు నా తప్పు కూడా తీసుకుని మంచిదైపోతుందా? దాన్ని అంత మంచిదాన్ని చేసి, నేను చచ్చేదాకా దాని ముందు తల వంచుకుని బతకాలా? అలా వీల్లేదు.

మంచితనంతో నిజం చెప్పినవాళ్ళను మనం చాలామందిని చూశాం. కాంచన ఓర్వలేక చెప్పింది.

"ఇయ్యే గొడుగు!" అని చెల్లెలి ఒళ్ళోంచి లాక్కుంది. "ఈ గొడుగు నాది డాక్టరమ్మా. చెప్పింది నాతోనే. కార్తీకంలోనే సూసినాను నేను. రోజూ జడేసేది నేను, మూసిపెట్టింది నేను. దీనికి బావతో పెండ్లి కుదిరిందని కడుపుమంటతో మూసిపెట్టినాను." ఆమె తల్లి వైపు తిరిగింది. "నిన్న అది చెప్పింది అబద్ధం అమ్మా."

మునెమ్మ అరుస్తుందేమో, కొడుతుందేమో అని కాంచన ఎదురుచూసింది. కొడితే బాగుండేది. తల్లి నోరు కొంచెం తెరుచుకుని అలాగే ఉండిపోయింది.

డాక్టరమ్మ ఒక్క క్షణం కాంచనను చూసి, కాగితం మీదికి వంగి రాయడం మొదలుపెట్టింది. రాస్తూనే చెప్పింది. "అప్పుడే తెచ్చి ఉంటే ఇక్కడే, నేనే, అరగంటలో కోసి పడేసేదాన్ని. మచ్చ కూడా మిగిలేది కాదు. ఇప్పుడు మద్రాసు పెద్దాసుపత్రికి పోవాలి. ముక్క తీసి పరీక్ష చేస్తారు. చెవి సగం పోవచ్చు, మొత్తం పోవచ్చు. మెడలో చిన్న గడ్డ తగులుతోంది. అది మామూలు వాపే అయితే అదృష్టం. కాకపోతే..." ఆమె ఆగింది. "ఈ వారంలో పోవాలి. తోడు ఒకరు ఉండాలి, నెల రోజులైనా. పుండు కట్టు మార్చడం, ఎండ సోకకుండా చూడడం తెలిసినవాళ్ళు కావాలి."

"నేను పోతాను," అంది మునెమ్మ.

"కండ్లలో మందు ఎట్ల ఎయ్యాలో నీకు తెలుసునా అమ్మా?" అంది అలమేలు.

మునెమ్మ లేచి, కాంచన దగ్గరికి వచ్చి, ఆమె చేతిలో గొడుగు పట్టుకుంది. కాంచన వదల్లేదు. మునెమ్మ ఒక్కొక్క వేలే విడదీసి గొడుగు తీసుకుంది. ఆమె ఆ మధ్యాహ్నం పెద్దకూతురికి వేసిన శిక్ష అదొక్కటే. ఎనిమిదో ఏట చేతిలో పెట్టింది తానే, తీసుకున్నదీ తానే.

బయట మిట్టమధ్యాహ్నం. మే నెల కత్తిరి ఎండ నిప్పులు చెరుగుతోంది. మునెమ్మ గొడుగు విప్పి, "రాయే," అని చిన్నకూతురిని పిలిచింది. అలవాటు లేని చెయ్యి. గొడుగు ఒకసారి తనమీదికి, ఒకసారి వెనక్కి వాలుతోంది. అలమేలు వరండా మెట్లు తడుముకుంటూ దిగి, గొడుగు కిందికి పోకుండా, నాలుగడుగులు అవతల ఎండలో నిలబడింది. తలమీది తడి తువ్వాలు తీసి చేత్తో పట్టుకుంది.

"పిచ్చి పట్టిందా నీకు!" మునెమ్మ కేక పెట్టింది. "మాడు కాలిపోతాది! రా ఇట్ల!"

"గొడుగు అక్కకియ్యి."

"దాని చేతికా? నిన్ను చంపాలనుకొన్నదాని చేతికా?"

"దానికే తెలుసు ఎట్ల పట్టాలో. ఇయ్యకపోతే ఇక్కడే నిలబడతాను." కళ్ళు బిగించి మూసుకుంది అలమేలు. ఆ వెల్లుల్లి మాడు మీద అప్పుడే గులాబీ రంగు లేస్తోంది. కన్నీళ్ళు కారుతున్నాయి, ఏడుపో, వెలుతురో తెలియదు.

మునెమ్మ గొడుగు కర్రను గుండెలకు అదుముకుంది గానీ ఇవ్వలేదు. బెదిరిస్తోందో, బతిమాలుతోందో, ఇంతమందిలో మళ్ళీ గెలుస్తోందో, చెల్లెలి ఎత్తు కాంచనకు అర్థం కాలేదు. అర్థం చేసుకునే తీరికా లేదు. పరుగున పోయి పమిట కొంగు విప్పి, రెండు చేతులతో చెల్లెలి తలమీద పందిరిలా పట్టింది. మెడా వీపూ ఎండకు అప్పగించి నిలబడింది, ఎప్పటిలాగే.

"అత్తా! కాంచనా!"

గేటు దగ్గర సైకిలు ఆగింది. కోదండరామ. లేతు షాపు నూనె మరకల చొక్కాతోనే వచ్చాడు, మొహమంతా చెమట. రాత్రి మునెమ్మ పంపిన కబురులో కళ్ళజోడు పుండని మాత్రమే ఉంది. అతను జేబులోంచి కాగితం పొట్లం తీసి, నవ్వుతూ విప్పాడు. లోపల కొత్త నల్లద్దాల కళ్ళజోడు. కాడలు సన్నవి, చివర్లకు అతనే మెత్తటి రబ్బరు తొడిగాడు.

"పొద్దున్నించీ దీంతోనే సరిపోయింది," అన్నాడు. "ఇంక ఇది రాసుకోదు. ఏం అలమేలూ, పెట్టుకో సూద్దాం?" అన్నాక గానీ అతనికి గొడుగు అత్త చేతిలో ఉండడం, మరదలి తల మీద పమిట కొంగు ఉండడం కనబడలేదు. నవ్వు ఆగిపోయింది. ముగ్గురి మొహాలూ చూసి, చివరికి కాంచన దగ్గర ఆగాడు. "ఏమన్నారు డాక్టరమ్మ? నువ్వన్నా చెప్పు కాంచనా."

తై నెల తర్వాత అతను ఆమె కళ్ళలోకి సూటిగా చూడడం ఇదే మొదటిసారి. కొంగు కింద, చెమట పట్టిన అలమేలు వేళ్ళు కాంచన నడుమును గట్టిగా పట్టుకున్నాయి.

"పుండు మాట చెప్పు," అంది అలమేలు, ఆమెకు మాత్రమే వినబడేట్టు. "మూసిపెట్టింది ఎవురో చెప్పొద్దు. చెప్పినావంటే నేను మద్రాసుకు రాను."

కోదండరామ కళ్ళజోడు పట్టుకున్న చెయ్యి అలాగే చాచి నిలబడ్డాడు. కాంచన మెడ మీద ఎండ కాలుతోంది. ఆమె నోరు తెరిచింది.

(ఇంకా ఉంది)